పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లో ఆఫీసు పెట్టుకునేవాళ్లకి: రెండు మూడు మానిటర్లు, నాలుగు కంప్యూటర్లు, ఒకే నెట్‌వర్క్

మన ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఇంట్లోంచి పని చేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పర్లాకిమిడిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి కోడ్ రాసేవాళ్లు, గుణుపురంలో జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లు, బరంపురంలో తెలుగు, ఒడియా రెండింట్లోనూ డీటీపీ చేసేవాళ్లు, రాయగడలో ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పేవాళ్లు. వీళ్లలో ఎక్కువమంది ఒక్క ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే పది విండోలు తెరిచి మూస్తూ, ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు మోస్తూ రోజు గడిపేస్తున్నారు. అంత కష్టం అక్కర్లేదు. రెండో మానిటర్, ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లని కేబుళ్లతో కలిపే పెట్టె), కొన్ని మీటర్ల కేబుల్ ఉంటే పని ఎంత తేలికవుతుందో వాడినవాళ్లకే తెలుస్తుంది.

అయితే పెద్ద నగరాల్లో ఉండేవాళ్లు రాసే సలహాలన్నీ మనకి సరిపోవు. అక్కడ ఏదైనా పోతే గంటలో మనిషి వస్తాడు. మనకి బరంపురం నుంచో, శ్రీకాకుళం నుంచో, విశాఖపట్నం నుంచో రావాలి, లేదా మనమే మెషిన్ బస్సులో వేసుకుని వెళ్లాలి. అందుకని నేను ఎవరికి చెప్పినా ముందు ఇదే చెబుతాను: ఇంట్లో లాగిన ప్రతి వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీకు తెలియాలి, ఏది పోయినా పక్కదానితో మార్చి చూసుకునే వీలుండాలి. ఖర్చు కూడా ఈ వరసలోనే పెట్టండి: మొదట ఎర్తింగ్, తర్వాత యూపీఎస్, తర్వాత కేబుల్, స్విచ్, చివరికి మానిటర్లు. చాలామంది దీన్ని తిరగేసి మొదలుపెడతారు.

ముందు కరెంటు సంగతి

కొత్త మానిటర్ కొనే ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆ గదిలో ప్లగ్ పాయింట్లకి నిజంగా ఎర్త్ ఉందో లేదో మల్టీమీటర్‌తో చూపించమనండి. సాకెట్‌కి మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, పాత ఇళ్లలో పై రంధ్రం వెనక వైరే ఉండదు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల చుట్టూ చూపించాలి, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఫేజ్ నుంచి ఎర్త్‌కి రీడింగ్ తక్కువ చూపించినా, నిలకడ లేకుండా ఊగినా ఎర్త్ సరిగా లేనట్టే.

ఇది ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒకటికి మించి మెషిన్లు కలిపినప్పుడు దీని ప్రభావం పెరుగుతుంది. కంప్యూటర్ లోపలి పవర్ సప్లై అయిన ఎస్ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది, లేకపోతే క్యాబినెట్ మీద మెయిన్స్‌లో సగం వోల్టేజ్ దాకా నిలబడి ఉంటుంది. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమనేది అదే. కరెంటు స్వల్పం కాబట్టి మనం చెయ్యి దులుపుకుని ఊరుకుంటాం, కానీ అదే స్థితిలో ఆన్‌లో ఉన్న మానిటర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే ఆ తేడా అంతా కేబుల్‌గుండా పోయి పోర్టు కాలిపోవచ్చు. కంప్యూటర్ బాగానే ఉంటుంది, మానిటర్ బాగానే ఉంటుంది, ఆ ఒక్క పోర్టు మాత్రం చచ్చిపోతుంది. కాబట్టి ఎర్త్ పక్కాగా ఉన్నా సరే, వీడియో కేబుళ్లు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు వైపులా ఆఫ్ చేసే అలవాటు పెట్టుకోండి. త్రీ పిన్ ప్లగ్‌కి టూ పిన్ కన్వర్టర్ తగిలించి ఎర్త్ తప్పించే పని అస్సలు చేయొద్దు.

ఎర్త్ గుంత పాతదైతే వేసవిలో ఎండిపోతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్‌ని అడ్డుకునేది) కూడా పెట్టించండి, అది పని చేయాలన్నా ఎర్త్ బాగుండాల్సిందే.

ఇక యూపీఎస్. డబ్బా మీద ఉన్న 600 వీఏ అనే అంకె చూసి 600 వాట్లు అనుకోకండి, ఈ తరగతి యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకే లాగుతాయి. 24 అంగుళాల ఎల్ఈడీ మానిటర్ ఒక్కోటి 20 నుంచి 30 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు డెస్క్‌టాప్ వందకి అటూ ఇటూ, రూటర్, స్విచ్ కలిపి 15 వాట్లు వేసుకుంటే, రెండు మానిటర్ల మెషిన్ ఒకటి దానిమీద హాయిగా నడుస్తుంది, కానీ కొన్ని నిమిషాలే. ఫైల్ సేవ్ చేసుకుని ఆపడానికి యూపీఎస్, పని కొనసాగించడానికి ఇన్వర్టర్, ఈ రెంటినీ కలపొద్దు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో పేరుకి 1800 వాట్ అవర్లు ఉంటాయి, నష్టాలు పోను అందులో మూడింట రెండొంతులు చేతికి వస్తుందనుకోండి, 200 వాట్ల ఆఫీసు ఒక్కటే నడిస్తే అయిదారు గంటలు. ఫ్యాన్లు, లైట్లు కలిపితే ఆ మేరకు తగ్గుతుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే తీసుకోండి, స్క్వేర్ వేవ్ మీద కొన్ని ఎస్ఎంపీఎస్‌లు గుయ్యిమంటాయి, కొన్ని నిలబడవు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి పెట్టకండి, అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కొన్ని వందల వాట్లు లాగి మొత్తాన్ని ట్రిప్ చేస్తుంది.

టేబుల్, గది

24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 54 సెంటీమీటర్లు, రెండు పక్కపక్కన పెట్టాలంటే నాలుగు అడుగుల టేబుల్ చాలు. 27 అంగుళాలవైతే అయిదు అడుగులు కావాలి. లోతు రెండున్నర అడుగులైనా లేకపోతే స్క్రీన్ మొహం మీదకి వచ్చేస్తుంది. చెయ్యి చాపితే వేళ్లు స్క్రీన్‌కి తగిలేంత దూరం, స్క్రీన్ పై అంచు కళ్లకి సమానంగా లేదా కొంచెం కిందికి, ఇది చాలు. కిటికీ మీకు ఎదురుగానో వెనకగానో కాకుండా పక్కన ఉండేలా కూర్చోండి. మానిటర్ ఆర్మ్ కొనేట్టయితే మానిటర్ వెనక 75 లేదా 100 మిల్లీమీటర్ల వెసా (VESA) మౌంట్ రంధ్రాలున్నాయో లేదో ముందు చూసుకోండి, తక్కువ ధర మానిటర్లు కొన్నింటికి ఉండవు.

టేబుల్ గోడకి ఆనించకుండా జానెడు ఎడం వదలండి. వెనక్కి చెయ్యి పోని చోట వైర్లు ఎవరూ సర్దరు, సర్దని చోట ఎలుకలు, బల్లులు చేరతాయి.

ఏ మానిటర్

24 అంగుళాలకి 1080పీ (1920×1080 పిక్సెళ్లు) సరిపోతుంది. 27 అంగుళాల్లో అదే 1080పీ తీసుకుంటే అంగుళానికి 82 పిక్సెళ్లే వస్తాయి, అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో అది పెద్దగా తెలియకపోవచ్చు, తెలుగులో తెలుస్తుంది. వత్తులు, గుడులు, సుడులు చిన్న సైజులో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఒడియాలో పై గుండ్రం ఎక్కువ, లోపలి గీత తక్కువ కాబట్టి అక్కడా ఇదే బాధ. 27 అంగుళాలు కావాలంటే 1440పీ (2560×1440) తీసుకుని, అక్షరాల సైజు పెంచే స్కేలింగ్ సెట్టింగ్ 125 శాతం పెట్టుకోండి. రోజంతా తెలుగు, ఒడియా పత్రాలు చదివేవాళ్లకి ఈ ఒక్క నిర్ణయం తలనొప్పి తగ్గిస్తుంది. ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్క నుంచి చూసినా రంగు మారదు, రెండు మానిటర్ల పనికి అదే మంచిది.

వీలైతే రెండూ ఒకే మోడల్ కొనండి. ఒకటి పాతది ఉంటే పారేయకండి, దాన్ని నిలువుగా తిప్పి పెడితే పట్టాలు, స్కాన్ చేసిన దస్తావేజులు, పొడుగు ఎక్సెల్ షీట్లు చూడటానికి బాగా పనికొస్తుంది. మన వైపు చాలా కుటుంబాలకి గట్టుకి ఇవతల ఒడిశాలో కొంత భూమి, అవతల పాతపట్నం వైపు కొంత భూమి ఉంటుంది. ఒక స్క్రీన్‌లో ఒడియాలో ఉన్న భూలేఖ్ రికార్డు, ఇంకో స్క్రీన్‌లో తెలుగులో ఉన్న మీభూమి అడంగల్, మధ్యలో మీరు తయారు చేసే అర్జీ, ఈ అమరికలో పని చేస్తే పేరు, ఖాతా నంబరు తప్పు పడే అవకాశం బాగా తగ్గుతుంది. మూడో స్క్రీన్ ఎవరికి అవసరమని అడిగితే నేను ముందు ఇలాంటి పని చేసేవాళ్ల పేరే చెబుతాను.

కొనే ముందు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మీకు ఏ ఊళ్లో దగ్గరో చూసుకోండి. పర్లాకిమిడి వాళ్లకి జిల్లా కేంద్రం ఇంటి పక్కనే ఉన్నా సర్వీస్ సెంటర్ రాష్ట్రం దాటి ఉండొచ్చు, పిన్‌కోడ్ కొట్టి చూస్తే తేలిపోతుంది.

ఏ పోర్టులో ఏ కేబుల్

డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్లన్నీ కార్డుకే పెట్టండి, పైన మదర్‌బోర్డులో ఉన్న పోర్టుకి కాదు. కార్డు లేని మెషిన్ అయితే మదర్‌బోర్డు మీద హెచ్‌డీఎంఐ ఒకటి, డిస్‌ప్లేపోర్టో వీజీఏనో ఇంకొకటి ఉంటుంది, ఆ రెండూ వాడితే రెండు మానిటర్లు వస్తాయి.

ఇక్కడ జనం డబ్బు పోగొట్టుకునేది కన్వర్టర్ల దగ్గర. కంప్యూటర్‌లో డిస్‌ప్లేపోర్ట్, మానిటర్‌లో హెచ్‌డీఎంఐ ఉంటే మామూలు కేబుల్ ఎక్కువ మెషిన్లలో పని చేస్తుంది. అదే తిరగేసి, కంప్యూటర్‌లో హెచ్‌డీఎంఐ, మానిటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఉంటే ఆ మామూలు కేబుల్ పని చేయదు, విడిగా పవర్ తీసుకునే యాక్టివ్ కన్వర్టర్ కావాలి. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ కొంటే రెండు స్క్రీన్లలోనూ ఒకే బొమ్మ వస్తుంది, పని స్థలం పెరగదు. ఈ సంగతి షాపులో చెప్పరు.

ల్యాప్‌టాప్ వాళ్లు యూఎస్‌బీ-సీ పోర్టు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అన్ని యూఎస్‌బీ-సీ పోర్టులూ వీడియో పంపవు, డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనేది ఆ మోడల్ స్పెసిఫికేషన్లలో రాసి ఉండాలి, లేదా పోర్టు పక్కన థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో, డిస్‌ప్లేపోర్ట్ గుర్తో ఉండాలి. లేకపోతే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్ (ల్యాప్‌టాప్‌కి తగిలించే పోర్టుల పెట్టె) ఒక దారి: అది మామూలు యూఎస్‌బీ మీదే డ్రైవర్ సాయంతో మానిటర్ నడుపుతుంది, ఎక్సెల్, బ్రౌజర్‌కి చాలు, వీడియో ఎడిటింగ్‌కి కాదు. మ్యాక్‌బుక్ ఎయిర్ వాడేవాళ్లకి ఒక మాట. ఎం1, ఎం2 చిప్‌లవి బయటి మానిటర్ ఒక్కటే నడుపుతాయి, ఎం3 మూత మూసి ఉంటే రెండు, ఎం4 మూత తెరిచి ఉన్నా రెండు. ఒక మానిటర్ నుంచి ఇంకో మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ గొలుసుగా కలిపే పద్ధతి విండోస్‌లో నడుస్తుంది, మ్యాక్‌లో రెండు స్క్రీన్లలోనూ ఒకే బొమ్మ వస్తుంది.

4కె మానిటర్ కొంటే హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు మీద సెకనుకి 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ బరువుగా కదులుతున్నట్టు ఉంటుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉండాలి.

విండోస్‌లో అమర్చడం

కేబుళ్లు పెట్టి ఆన్ చేశాక విండోస్ కీ, పీ కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. తర్వాత డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ఐడెంటిఫై’ నొక్కితే ఏ స్క్రీన్ ఒకటి, ఏది రెండు అని అంకెలు కనిపిస్తాయి. టేబుల్ మీద ఎలా ఉన్నాయో బొమ్మలో కూడా అలాగే లాగి పెట్టండి, ఎత్తులు కూడా సరిచూడండి, లేదంటే మౌస్ అంచు దగ్గర గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. ఎదురుగా ఉన్నదాన్ని మెయిన్ డిస్‌ప్లే చేయండి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్ ఒకసారి చూడండి, 75 లేదా 100 హెర్ట్‌జ్ మానిటర్ కొని 60 మీదే వదిలేసినవాళ్లు ఎంతమందో.

విండోస్ కీ, షిఫ్ట్, బాణం కలిపి నొక్కితే ఉన్న విండో పక్క స్క్రీన్‌కి దూకుతుంది. ఈ ఒక్కటి వేళ్లకి అలవాటైతే చాలు. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు కీబోర్డులూ పెట్టుకుని దానితోనే తిప్పుకోవచ్చు, విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంట్‌లో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది.

విండోస్ 10 మీద ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. నెట్‌వర్క్‌లో ఒక్క పాత మెషిన్ ఉన్నా మిగతావాటికీ ప్రమాదమే.

కేబుల్ లాగడం

మన వీధుల్లో ఇళ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, వీధి వైపు అరుగు, తర్వాత ఒక గది వెనక ఒక గదిగా పెరటి దాకా రైలు పెట్టెల్లా పొడుగ్గా, మధ్యలో మందపాటి గోడలు. నెట్ బాక్స్ వీధి గదిలో పెట్టి వెళ్లిపోతారు, మనం పని చేసేది మూడో గదిలో. 5 గిగాహెర్ట్‌జ్ వైఫై రెండో గోడకే నీరసిస్తుంది, 2.4 గిగాహెర్ట్‌జ్ చేరుతుంది కానీ అందులో వీధి మొత్తం వైఫైలు పోటీ పడతాయి. ఫోన్లకి వైఫై వదిలేయండి. కదలని మెషిన్లన్నింటికీ, అంటే డెస్క్‌టాప్, ప్రింటర్, టేబుల్ మీద ఉండే ల్యాప్‌టాప్, వీటికి కేబుల్ లాగండి. ఎన్ని వేలు పెట్టి రూటర్ కొన్నా దీనికి సాటి రాదు.

నెట్ కేబుళ్లలో క్యాట్ 6 రకం తీసుకోండి, అందులో ‘ప్యూర్ కాపర్’ అని రాసి ఉన్నదే తీసుకోండి. చవగ్గా దొరికే సీసీఏ అంటే అల్యూమినియం తీగకి రాగి పూత. వంచితే విరుగుతుంది, తేమకి పాడవుతుంది. కొస కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే. గీగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి 100 మీటర్ల దాకా క్యాట్ 5ఇ కూడా చాలు కాబట్టి ఇంట్లో ఇప్పటికే మంచి క్యాట్ 5ఇ ఉంటే పీకేయకండి.

కరెంటు వైర్లున్న పైపులోనే నెట్ కేబుల్ దూర్చొద్దు. పక్కపక్కన పోవాల్సి వస్తే అడుగు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. గోడ మూలల్లో ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ వేస్తే ఎలుకల బెడద తగ్గుతుంది. ప్రతి పాయింటుకీ ఒకటి బదులు రెండు కేబుళ్లు లాగండి, మనిషి కూలీ ఒకటే, కేబుల్ ఖర్చు స్వల్పం, రేపు ఒకటి తెగినా రెండోది సిద్ధంగా ఉంటుంది.

క్రింపింగ్, అంటే కేబుల్ కొసకి కనెక్టర్ బిగించడం, మీరే నేర్చుకోండి. క్రింపింగ్ టూల్, ఆర్‌జే45 కనెక్టర్ల ప్యాకెట్, లైట్లు వెలిగే చిన్న లాన్ టెస్టర్, ఈ మూడూ ఇంట్లో ఉంటే ఆదివారం సాయంత్రం కనెక్టర్ పోయినా ఎవరికోసమూ ఎదురు చూడక్కర్లేదు. పై తొడుగు రెండు అంగుళాలు తీసి, జంటలు విప్పి, ఈ వరసలో పెట్టండి: వైట్-ఆరెంజ్, ఆరెంజ్, వైట్-గ్రీన్, బ్లూ, వైట్-బ్లూ, గ్రీన్, వైట్-బ్రౌన్, బ్రౌన్. కనెక్టర్ క్లిప్ కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి ఈ వరస రావాలి. అన్నీ సమానంగా అర అంగుళం మిగిలేలా కత్తిరించి, తీగ కొసలు కనెక్టర్ చివర కనిపించేదాకా తొయ్యండి, బయటి తొడుగు కూడా కొంచెం లోపలికి వెళ్లాలి, అప్పుడే లాగినా ఊడదు. రెండో కొసకీ ఇదే వరస. టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలగాలి. బ్లూ జంటో బ్రౌన్ జంటో తెగితే నెట్ వస్తూనే ఉంటుంది కానీ గీగాబిట్ పోయి 100 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది, ఎందుకు నెమ్మదించిందో అర్థం కాక జనం రూటర్ మార్చేస్తారు.

కనెక్టర్ వేయగానే రెండు కొసలకీ ఒకే అంకె రాసిన స్టిక్కర్ అంటించండి. ఏ అంకె ఏ గదికో ఒక కాగితం మీద రాసి స్విచ్ దగ్గర గోడకి అతికించండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి అడిగితే “అమ్మా, మూడో నంబరు తీసి నాలుగో దాంట్లో పెట్టు” అని చెబితే సరిపోతుంది.

రూటర్, స్విచ్, అడ్రస్‌లు

కేబుల్ కుర్రాడు బాక్స్ బిగించడానికి వచ్చినప్పుడే “భాయినా, ఇందులో గీగాబిట్ పోర్టు ఏది?” అని అడిగి దానిమీద గుర్తు పెట్టుకోండి. కొన్ని బాక్సుల్లో ఒక్కటే గీగాబిట్, మిగతావి 100 ఎంబీపీఎస్. ఆ గీగాబిట్ పోర్టు నుంచి ఒక కేబుల్ ఆఫీసు గదిలోని స్విచ్‌కి, స్విచ్ నుంచి మెషిన్లకి. ఎనిమిది పోర్టుల అన్‌మేనేజ్డ్ గీగాబిట్ స్విచ్ తీసుకోండి, అయిదు పోర్టులవి తొందరగా నిండిపోతాయి. అందులో సెట్టింగులేమీ ఉండవు, గుచ్చితే నడుస్తుంది. ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో పొరపాటున గుచ్చితే మాత్రం నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతుంది.

తేడా ఎంతంటే, 10 జీబీ ఫోల్డర్ ఒక మెషిన్ నుంచి ఇంకోదానికి 100 ఎంబీపీఎస్ మీద పదిహేను నిమిషాలు పడుతుంది, గీగాబిట్ మీద నిమిషంన్నర చాలు. మీ ఇంటర్నెట్ ప్లాన్ ఎంత అనేదానితో దీనికి సంబంధం లేదు, ఇది ఇంట్లోని రాకపోకల వేగం.

కంపెనీ ఇచ్చిన బాక్స్ వెనక మీ సొంత రూటర్ పెడితే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి, అప్పుడది అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇస్తుంది. అలా చేయకపోతే ఇంట్లో రెండు విడి నెట్‌వర్క్‌లు ఏర్పడి ఒకదానిలోని ప్రింటర్ ఇంకోదానిలోని మెషిన్‌కి కనిపించదు.

తర్వాత బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టి రూటర్ పేజీలోకి వెళ్లండి, సరైన అడ్రస్ బాక్స్ కింద రాసి ఉంటుంది. మొదట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్ నొక్కి వైఫై కలిపే సదుపాయం) ఆఫ్ చేయండి, వచ్చేపోయే చుట్టాల ఫోన్లకి గెస్ట్ వైఫై విడిగా పెట్టండి. తర్వాత, రూటర్ ఏ మెషిన్‌కి ఏ అడ్రస్ ఇవ్వాలో ఖాయం చేసే డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో ప్రింటర్‌కీ, ఫైళ్లు ఉండే మెషిన్‌కీ ఎప్పుడూ ఒకే అడ్రస్ వచ్చేలా కట్టేయండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటర్ మాయమవడం దీనితో ఆగిపోతుంది.

ఫోల్డర్లు పంచుకోవడం

ఫైళ్లన్నీ ఉండే మెషిన్ ఒక్కటే అని ముందు తేల్చుకోండి. నాలుగు మెషిన్లలో నాలుగు షేర్లు పెడితే ఏది తాజా ఫైలో ఎవరికీ తెలియదు.

కంప్యూటర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, 15 అక్షరాల లోపు పెట్టండి. ప్రతి మెషిన్‌లో నెట్‌వర్క్‌ని ‘ప్రైవేట్’ చేయండి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. ఫైళ్ల మెషిన్‌లో షేర్ కోసమే ఒక లోకల్ యూజర్ ఖాతా, పాస్‌వర్డ్‌తో తయారు చేయండి. ఇది తప్పించుకోవద్దు: మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్లు రోజూ వాడే పిన్ నెట్‌వర్క్‌లో పనికిరాదు, అక్కడ అసలు పాస్‌వర్డే కావాలి, ‘పాస్‌వర్డ్ తప్పు’ అని వచ్చే గొడవల్లో చాలా భాగం ఇదే. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లని కొత్త విండోస్ 11 అడ్డుకుంటుంది, అది మన మంచికే. ఎవరైనా పాత, భద్రత లేని ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్ఎంబీ1 ఆన్ చేయమంటే చేయకండి.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్, పర్మిషన్స్‌లో ఆ యూజర్‌కి చదవడం, రాయడం ఇవ్వండి. పక్కనే ఉన్న సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ అదే యూజర్‌ని చేర్చాలి, రెంటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. మిగతా మెషిన్లలో ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ ఎంచుకుని అన్నింట్లోనూ జెడ్ అక్షరమే ఇవ్వండి.

ట్యాలీ ఇద్దరు ముగ్గురు కలిసి వాడాలంటే సిల్వర్ లైసెన్స్ సరిపోదు, అది ఒక్కరికే. గోల్డ్ కావాలి. డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని పాత ఫాంట్లు వాడుతుంటే, తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి లాంటివి, అవి ప్రతి మెషిన్‌లోనూ ఉండాలి. ఫైల్ తెరుచుకుంటుంది కానీ ఫాంట్ లేని మెషిన్‌లో అక్షరాలు పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి, ఎవరో ఫైల్ పాడైందనుకుని అదే సేవ్ చేస్తే ఇంకో చిక్కు.

షేర్ బ్యాకప్ కాదు. రోజూ సాయంత్రం బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ పీకి బీరువాలో పెట్టండి. గుచ్చి వదిలేసిన డిస్క్‌ని వైరస్ కూడా అందుకుంటుంది, పిడుగు కూడా అందుకుంటుంది.

ఒకే కీబోర్డు, రెండు మెషిన్లు

పక్కపక్కన రెండు కంప్యూటర్లు ఉంటే రెండు కీబోర్డులు అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో ‘మౌస్ వితౌట్ బోర్డర్స్’ ఉచితంగా ఉంది, నాలుగు విండోస్ మెషిన్ల దాకా కలుపుతుంది, మౌస్ ఒక స్క్రీన్ అంచు దాటి ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లిపోతుంది, కాపీ చేసిన మాటలు అటు అతికించవచ్చు. మానిటర్ కూడా రెండు మెషిన్లకి వంతులేయాలంటే కేవీఎం స్విచ్ తీసుకోండి.

నెట్ పోయినప్పుడు

ఫైబర్ బాక్స్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ విడిగా పెట్టండి. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేదే కొనండి. ఫైబర్ తెగితే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో కలపండి. సరిహద్దు పక్కన ఉన్న వీధుల్లో ఫోన్ ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవర్‌ని పట్టుకుంటుంది, నెట్ ఊగుతుంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని మాన్యువల్‌గా ఎంచి చూడండి. ఫైబర్‌కి ఒక కంపెనీ, సిమ్‌కి ఇంకో కంపెనీ ఉండాలి.

గాలివాన రోజుల్లో

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానలు, పిడుగులు, అక్టోబరులో తుపానులు మనకి కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్లో వరదలు, కొండచరియలు తెచ్చింది.

పిడుగు నేరుగా ఇంటి మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా పొడుగు రాగి తీగల్లో వోల్టేజ్ పుడుతుంది. కరెంటు ప్లగ్ తీసి లాన్ కేబుల్ వదిలేస్తే ఆ దారిన వచ్చి స్విచ్, మదర్‌బోర్డు రెండూ పోతాయి. ఉరుములు దూరంగా ఉండగానే రెండూ తీసేయండి. ఉరుము నెత్తిమీదకి వచ్చాక వైర్లు ముట్టుకోవద్దు. మేడ మీద గదికో, పెరటి అవతల ఇంకో ఇంటికో నెట్ తీసుకెళ్లాలంటే ఆరుబయట రాగి కేబుల్ వేలాడదీయకండి, రెండు కొసల్లో మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని లాన్ కేబుల్‌కి కలిపే పెట్టెలు) పెట్టి ఫైబర్ లాగించండి. ఫైబర్‌లో కరెంటు పోదు, కానీ స్తంభం నుంచి వచ్చే డ్రాప్ కేబుల్‌లో బరువు మోసే ఉక్కు తీగ ఒకటి ఉంటుంది, దాన్ని ఇంటి బయటే కత్తిరించి లోపలికి ఫైబర్ ఒక్కటే తీసుకురమ్మని బిగించేవాళ్లకి చెప్పండి.

పని చేయకపోతే

మానిటర్ ‘నో సిగ్నల్’ అంటే మొదట మానిటర్ మెనూలో ఇన్‌పుట్ ఏది ఎంచి ఉందో చూడండి, తర్వాత పక్క మానిటర్ కేబుల్‌ని రెండు కొసలూ తీసి, దీని కేబుల్ బదులు అవే పోర్టుల్లో పెట్టండి. బొమ్మ వస్తే తప్పు కేబుల్‌ది, రాకపోతే మానిటర్‌దో పోర్టుదో. రెండూ ఒకే రకం కొనమన్నది ఇందుకే.

మెషిన్‌కి నెట్ లేకపోతే స్విచ్ మీద ఆ పోర్టు లైటు చూడండి. లైటు లేదంటే కేబులో కనెక్టరో, టెస్టర్ పెట్టండి. లైటు ఉండి నెట్ లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి అడ్రస్ చూడండి, 169.254 తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట, రూటర్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అడ్రస్ బాగుంటే అక్కడే ping అని కొట్టి పక్కన రూటర్ అడ్రస్ ఇచ్చి చూడండి, జవాబు వస్తే ఇంట్లో అంతా బాగానే ఉన్నట్టు, నెట్ కంపెనీకి ఫోన్ చేయాల్సిందే. షేర్ చేసిన ఫోల్డర్ కనిపించకపోతే పేరు బదులు రెండు బ్యాక్‌స్లాష్‌లు (\\) కొట్టి ఆ మెషిన్ ఐపీ అడ్రస్ టైప్ చేయండి. అలా తెరుచుకుంటే సమస్య పేరు దగ్గరే ఉంది, జెడ్ డ్రైవ్‌ని ఆ అడ్రస్‌తోనే మళ్లీ మ్యాప్ చేసుకోండి.